మైకు ముందు, కెమెరా తర్వాత: తిరుపతి, చిత్తూరు వైపు సొంతంగా వీడియో తీసేవాళ్లు ఏం కొనాలి, ఎలా ఎంచుకోవాలి

మన తిరుపతి, చిత్తూరు వైపు సొంతంగా వీడియోలు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఉన్న డబ్బంతా కెమెరా బాడీ మీద పెట్టేసి, మైకు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు. నేను చెప్పే వరుస వేరు. మైకు, హెడ్‌ఫోన్, ట్రైపాడ్ సొంతంగా కొనండి. కెమెరా ఒక మోస్తరుది తీసుకోండి. పెద్ద లెన్సు, పెద్ద కెమెరా కావాల్సిన రోజున అద్దెకు తెచ్చుకోండి. జాగ్రత్తగా వాడుకుంటే మంచి మైకు పదేళ్లయినా పనిచేస్తుంది. కెమెరా అలా కాదు, రెండు మూడేళ్లలో కొత్త మోడల్ రాగానే పాతదాని ధర పడిపోతుంది.

1. దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం తీసుకోండి

మీరు తీయబోయేదాని గురించి ఐదు సంగతులు రాయండి: ఎక్కడ తీస్తారు, ఏ వెలుతురులో, మాట్లాడేది ఎవరు, వాళ్లకూ మీకూ మధ్య దూరం ఎంత, ఆపకుండా ఎంతసేపు తీయాలి. మెగాపిక్సెళ్ల గురించి ఇప్పుడే ఆలోచించకండి.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక కళాకారుడి ఇంట్లో ఇంటర్వ్యూ అనుకోండి. చిన్న గది, పైన ఫ్యాను, వంటింట్లో కుక్కరు విజిల్, ఆయన ఆరడుగుల దూరంలో కూర్చుని గంటసేపు మాట్లాడతారు. దామలచెరువులో మామిడికాయల సీజన్ అయితే నెత్తిన ఎండ, చుట్టూ ట్రాక్టర్లు, బేరాల అరుపులు. ఇక ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లో ఎండాకాలం జరిగే భారతం తీయాలంటే అది వేరే లోకం. పగలు హరికథ, రాత్రి నాటకం, ఒకరోజు అర్జునుడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కడం, చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. రాత్రి నాటకం మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది. మీరేమో స్టేజికి ముప్పై నలభై అడుగుల దూరంలో జనం మధ్య నిలబడి ఉంటారు. ఈ మూడింటికీ ఒకే సామాను సరిపోదు. మీ పనిలో నూటికి ఎనభై వంతులు ఏ రకమో చూసుకుని దానికి తగ్గది కొనండి. మిగతా ఇరవైకి అద్దె ఉండనే ఉంది.

అదే కాగితం మీద అనుమతుల సంగతి కూడా రాసుకోండి. తిరుమల ఆలయంలోకి కెమెరా, సెల్‌ఫోన్ ఏదీ తీసుకెళ్లనివ్వరు. కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం. అక్కడ షూటింగ్ చేయాలంటే టీటీడీ అనుమతి ఉండాలి. అలిపిరి దగ్గర సామాను తనిఖీ ఉంటుంది కాబట్టి "ఎవరు చూస్తార్లే" అనుకుని వెళ్తే కిందే ఆగిపోతారు. తలకోన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో భాగం, కాబట్టి అటవీ శాఖను అడగాలి. చంద్రగిరి కోట పురావస్తు శాఖ ఆధీనంలో ఉంది, ట్రైపాడ్ వేసి తీయాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. డ్రోన్ కొనాలన్న ఆశ ఉంటే ఈ జాబితా చూశాక సగం తగ్గుతుంది. ఆ డబ్బు మైకుల మీద పెట్టండి.

2. శబ్దం: ఇక్కడే ఎక్కువసేపు ఆగండి

బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవాళ్లు సర్దుకుపోతారు. మాట అర్థం కాకపోతే పది సెకన్లలో వేరే వీడియోకి పోతారు. మాట శుభ్రంగా రావాలంటే మైకు ధర కంటే మైకుకూ నోటికీ మధ్య దూరం ముఖ్యం. దూరం రెట్టింపయితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఫ్యాను మోత మాత్రం గదంతా ఒకేలా ఉంటుంది కాబట్టి తగ్గదు. ముప్పై వేల మైకును కెమెరా మీద పెట్టి పదడుగుల దూరం నుంచి రికార్డు చేసినదాని కంటే, వెయ్యి రూపాయల మైకును చొక్కాకు తగిలించి రికార్డు చేసిన మాటే బాగుంటుంది.

*కాలర్ మైకుతో మొదలుపెట్టండి.* బోయా బీవై-ఎం1 లాంటి వైరు మైకు వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఆరు మీటర్ల వైరు, ఫోనుకూ కెమెరాకూ మార్చుకునే స్విచ్చి, లోపల చిన్న బటన్ బ్యాటరీ ఉంటాయి. కూర్చుని చేసే ఇంటర్వ్యూకి ఇంతకంటే నమ్మకమైనది లేదు. ఆ స్విచ్చి ఏ వైపు ఉందో చూసుకోకపోతే మాత్రం గంట ఇంటర్వ్యూ మొత్తం మూగగా రికార్డవుతుంది. ఒక బటన్ బ్యాటరీ అదనంగా పర్సులో పడేసుకోండి.

మైకు తగిలించడం కూడా ఒక పనే. గడ్డానికి జానెడు కింద, ఛాతీ మధ్యలో పెట్టాలి. కాటన్ చొక్కా అయితే ఇబ్బంది లేదు. పట్టుచీర అయితే ఊపిరి పీల్చినప్పుడల్లా గరగర వస్తుంది. ఆడవాళ్లకు తగిలించేటప్పుడు తాళిగొలుసు మైకుకు తగులుతుందేమో చూడండి. టక్ టక్ మనే ఆ చప్పుడు ఎడిటింగ్‌లో తీసేయడం చాలా కష్టం. "అమ్మా, గొలుసు కాస్త లోపలికి వేసుకుంటారా" అని ముందే మర్యాదగా అడిగేయండి, లేదా కొంగు పిన్ను పెట్టిన భుజం వైపు తగిలించండి. మైకు వాళ్ల చేతికే ఇచ్చి ఎక్కడ పెట్టుకోవాలో చూపిస్తే వాళ్లకూ ఇబ్బంది ఉండదు. హరికథ చెప్పే భాగవతార్‌కు మెడలో పూలదండ, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు ఉంటాయి. దండ కింద మైకు పెడితే అంతా రాపిడే. ఆయనకైతే ఉత్తరీయం పైఅంచుకు పెట్టి, వైరును మందుల షాపులో దొరికే ప్లాస్టర్‌తో అంటించండి. క్లిప్పు దగ్గర వైరును చిన్న చుట్టగా వదిలితే కదిలినప్పుడు లాగుడు శబ్దం రాదు.

*వైర్‌లెస్ కొనేటప్పుడు ఒకటే ప్రశ్న అడగండి: ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డు అవుతుందా?* రోడ్, డీజేఐ, హాలీల్యాండ్, బోయా కంపెనీల చిన్న వైర్‌లెస్ మైకులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా ఆ దారినే పోతాయి. మేలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చుట్టూ వేల ఫోన్లు ఉంటాయి. అక్కడ సిగ్నల్ తెగడం మామూలే. వేషం కట్టిన మనిషి మీకు వీపు తిప్పి నిలబడినా సిగ్నల్ పడిపోతుంది, ఒంట్లోని నీరు దాన్ని పీల్చేస్తుంది. ట్రాన్స్‌మిటర్ లోపల రికార్డయ్యే సౌకర్యం ఉంటే ఇంటికొచ్చి ఆ ఫైలు వాడుకోవచ్చు. డీజేఐ మైక్ 2కు ఇది ఉంది, 8 జీబీ మెమరీ, లెవెల్ తప్పినా తర్వాత సరిచేసుకోనిచ్చే 32 బిట్ ఫ్లోట్‌తో సహా. రోడ్ వైర్‌లెస్ గో రెండో తరానికి ఉంది, 2019లో వచ్చిన మొదటి దానికి లేదు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికేది ఎక్కువగా ఆ మొదటిదే, చూసి కొనండి.

*పొడుగు షాట్‌గన్ మైకు* అందరికీ అవసరం లేదు. అది దూరాన్ని దగ్గర చేయదు, పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని కాస్త తగ్గిస్తుంది, అంతే. సిమెంటు గోడలున్న చిన్న గదిలో అయితే డొల్లగా వినిపిస్తుంది. షార్ట్ ఫిల్మ్ తీస్తే మాత్రం కావాలి. అప్పుడు కూడా కెమెరా మీద పెట్టకండి. కర్రకు కట్టి నటుడి తల పైనుంచి ఫ్రేములోకి రాకుండా కిందికి చూపించాలి. బూమ్ పోల్ కొనలేకపోతే పెయింటర్లు రోలరుకు తగిలించుకునే సాగే కర్ర తెచ్చుకోండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. పట్టుకునే తమ్ముడికి మధ్యాహ్నం భోజనం బాగా పెట్టండి, చేతులు లాగేస్తాయి.

ఆరుబయట గాలికి మైకుతో వచ్చే స్పాంజి తొడుగు ఏ మూలకూ చాలదు. బొచ్చు తొడుగు కావాలి, డెడ్‌క్యాట్ అని అడిగితే ఇస్తారు. కాలర్ మైకుకూ చిన్నవి దొరుకుతాయి.

*రికార్డర్.* జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05 లాంటి చిన్న రికార్డర్ ఒకటి చేతిలో ఉంటే సగం టెన్షన్ పోతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకుని, గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా లెవెల్ సర్దండి. సున్నా తాకితే ఆ మాట చిరిగిపోయినట్టే. ఇప్పుడు వస్తున్న జూమ్ హెచ్1 ఎసెన్షియల్, ఎఫ్3 లాంటివి 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తాయి. లెవెల్ తప్పినా తర్వాత సరిచేసుకోవచ్చు. అరుపులూ గుసగుసలూ కలిసే నాటకానికి ఇది వరమే. అయితే మైకు దూరంగా పెట్టిన పాపాన్ని, గాలి కొట్టిన మైకును ఏ బిట్టూ కాపాడదు.

ఊరి భారతానికో, కచేరీకో వెళ్తే మైక్ సెట్ వాళ్లతో ముందే పరిచయం చేసుకోండి. సాయంత్రం వాళ్లు బాక్సులు దించేటప్పుడే వెళ్లి "అన్నా, మిక్సర్‌లో రికార్డ్ అవుట్ ఖాళీగా ఉందా?" అంటే, "ఉండాది, వైరు నువ్వే తెచ్చుకో" అంటారు. ఆ వైరు సంచీలో ఉండాలి. మిక్సర్ వెనక ఎర్ర తెల్ల గుండ్రటి సాకెట్లు ఉండొచ్చు, లావు పిన్ను సాకెట్ ఉండొచ్చు. రెండింటికీ సరిపడే కన్వర్టర్లు పెట్టుకోండి. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, కెమెరా మైకు సాకెట్ ఎదురుచూసేది దానికంటే ఎంతో సన్నటి సిగ్నల్. నేరుగా కలిపితే అంతా పగిలిపోతుంది. లైన్ ఇన్ ఉన్న రికార్డర్‌కే ఇవ్వండి, లేదా సిగ్నల్ తగ్గించే అటెన్యుయేటర్ వైరు వాడండి. రికార్డర్‌ను బ్యాటరీ మీదే నడపండి. జనరేటర్ ఉన్నచోట చార్జర్ కూడా తగిలిస్తే గుయ్‌మనే హమ్ము వచ్చే అవకాశం ఎక్కువ.

మిక్సర్ నుంచి వచ్చేది మైకుల్లోకి వెళ్లిన శబ్దం మాత్రమే. మృదంగానికి మైకు పెట్టకపోతే మీ రికార్డింగ్‌లో మృదంగం పేరుకే ఉంటుంది. జనం ఈలలు, పిల్లల నవ్వులు అసలే ఉండవు. అందుకే ఇంకో రికార్డరో, పాత ఫోనో జనం మధ్య పెట్టి చుట్టూ ఉన్న శబ్దం పట్టండి, తర్వాత రెండూ కలుపుకోవచ్చు. కలిపేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. స్పీకర్ బాక్సుకు 34 మీటర్ల దూరంలో ఉన్న రికార్డర్‌కు అది పదో వంతు సెకను, అంటే రెండున్నర ఫ్రేములు, ఆలస్యంగా చేరుతుంది. దాన్ని ముందుకు జరపకపోతే ఎకో వచ్చినట్టు ఉంటుంది. మొదట్లో ఒక చప్పట్టు, చివర్లో ఒక చప్పట్టు కెమెరా ముందు కొట్టండి. గంటల తరబడి నడిచాక కెమెరా గడియారం, రికార్డర్ గడియారం కొన్ని ఫ్రేములు తేడా పడతాయి, రెండో చప్పట్టు అప్పుడు అక్కరకొస్తుంది.

*హెడ్‌ఫోన్.* చెవులు పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్ కొనండి. బ్లూటూత్‌ది వద్దు, ఆలస్యంగా వినిపిస్తుంది. వినకుండా రికార్డు చేసేవాళ్లను చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వ్యూఫైండర్‌కు మూత పెట్టి ఎవరూ ఫొటో తీయరు కదా!

పిన్నుల విషయంలో మోసపోకండి. మైకు పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు ఉంటే కెమెరాకూ రికార్డర్‌కూ, మూడు ఉంటే ఫోనుకు (స్విచ్చి ఉన్న బీవై-ఎం1 లాంటివి రెండింటికీ పనికొస్తాయి). కన్వర్టర్ లేకుండా అటుదిటు ఇటుదటు పెడితే శబ్దం రాకపోవచ్చు, వచ్చినా సన్నగా గరగరలాడుతూ వస్తుంది. ఇప్పటి ఫోన్లకు ఆ సాకెట్టే ఉండటం లేదు కాబట్టి టైప్-సి ఉన్న మైకో, మైకు పనిచేసే కన్వర్టరో అడగాలి. పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చే కన్వర్టర్లు కూడా అమ్ముతారు, దుకాణంలోనే రికార్డు చేసి వినండి.

3. కెమెరా ఎంపిక

మొదట, ఫోనుతో సరిపోతుందా అని నిజాయితీగా చూసుకోండి. పగటి ఇంటర్వ్యూలు, వంటలు, పొలం పనులు అయితే మంచి ఫోను, మంచి మైకు చాలు. ఫోనులో షట్టర్ (ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు వెలుతురు పడాలన్నది), ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్నది) చేత్తో మార్చుకోవడానికి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, ఐఫోనుకూ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ.

చేత్తో మార్చుకోవడం ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి కనపడదు, కెమెరాకు కనపడుతుంది. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. ఆ లెక్కలో షట్టర్ 1/60 దగ్గర పడితే గోడ మీద నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. కెమెరా మెనూలో ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ దేశాల పద్ధతి) ఉంటే పాల్‌కు, అంటే 50 హెర్ట్జ్ దేశాల పద్ధతికి, మార్చి, 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి. ఫ్రేములు మార్చలేకపోతే కనీసం షట్టర్ 1/50, లేదంటే 1/100 పెట్టండి. జాతర సీరియల్ సెట్లు, ఎల్ఈడీ తెరలు ఈ లెక్కకు లొంగవు. వాటి ముందు ఒక నిమిషం తీసి చూసుకుని షట్టర్ అటూ ఇటూ మార్చడమే దారి.

కెమెరానే కొనాలనుకుంటే స్పెసిఫికేషన్ పేజీలో ఇవి వెతకండి. మైకు సాకెట్ తప్పనిసరి. హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే మరీ మంచిది. సోనీ జెడ్‌వీ-ఇ10కు రెండూ ఉన్నాయి. కెనాన్ ఆర్50, నికాన్ జెడ్30కు మైకు సాకెట్ ఉంది, హెడ్‌ఫోన్‌ది లేదు. అలాంటివి కొంటే రికార్డర్‌లోనో, వైర్‌లెస్ రిసీవర్‌లోనో వినాలి. ఆపకుండా ఎంతసేపు తీస్తుందో చూడండి. పాత డీఎస్ఎల్ఆర్‌లు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. అరగంట దాటి రికార్డు చేసేదాన్ని ఐరోపాలో వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు, ఆ బాధ చిత్తూరు నాటకానికి కూడా తగిలింది. టైప్-సి ద్వారా పవర్ బ్యాంకు పెట్టి నడపవచ్చా అన్నది మూడోది.

వేడి సంగతి మన వైపు చాలా పెద్దది. మేలో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండలో 4కె తీస్తుంటే చిన్న కెమెరాలు వేడెక్కి వాటంతట అవే ఆగిపోతాయి. సోనీల్లో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని 'హై'కి మార్చండి. తెరను బాడీకి అతుక్కోకుండా బయటికి తెరిచి ఉంచండి. గొడుగు పట్టండి. అప్పటికీ ఆగుతుంటే 4కె వదిలేసి 1080లో తీయండి, ఫోనులో చూసేవాళ్లకు తేడా తెలియడం కష్టం. రోజంతా ఆగకుండా తీసే పని అయితే లోపల ఫ్యాను ఉన్న సోనీ ఎఫ్ఎక్స్30 లాంటిది అద్దెకు తెచ్చుకోవడం మేలు.

సెన్సార్, అంటే కెమెరా లోపల వెలుతురు పట్టే చిప్పు, సైజు మీద జరిగే వాదనలు వదిలేయండి. ఫుల్ ఫ్రేమ్ 36 గుణించు 24 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సి అందులో సగం కంటే చిన్నది. రాత్రి తీతకు పెద్దది మంచిదే. కానీ అదే డబ్బుతో లెన్సు మారిస్తే ఎక్కువ లాభం. కెమెరాతో వచ్చే కిట్ లెన్సు జూమ్ చేస్తే ఎఫ్/5.6 అవుతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు దాని కంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. సొంతానికి కొనే మొదటి లెన్సు ఇదే కావాలి. ఏపీఎస్-సి మీద అది కాస్త దగ్గరగా కనిపిస్తుంది, ఇంటర్వ్యూకు బాగుంటుంది, చిన్న గదిలో మాత్రం వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. అలాంటి ఇళ్లే ఎక్కువైతే 35 తీసుకోండి. భారతం స్టేజికి 70-200 ఎఫ్/2.8 జూమ్ లెన్సు కావాలి. అది కొనే వస్తువు కాదు, అద్దెకు తెచ్చుకునే వస్తువు.

తక్కువ రంగు మెట్లు పట్టే 8 బిట్ రికార్డు చేసే కెమెరాలో లాగ్ (రంగులు తర్వాత దిద్దుకోవడానికి వెలిసినట్టు తీసే ప్రొఫైల్) జోలికి వెళ్లకండి. ఎడిటింగ్‌లో రంగులు లాగేసరికి ఆకాశం మీద మెట్లు మెట్లుగా చారలు వస్తాయి. జెడ్‌వీ-ఇ10 మొదటిది 8 బిట్, 2024లో వచ్చిన రెండోది 10 బిట్. మామూలు ప్రొఫైల్‌లోనే తీసి, తెల్ల పంచె వివరం పోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకుంటే సరిపోతుంది. మరీ వెలుతురెక్కిన చోట తెర మీద చారలు చూపించే జీబ్రా గీతలు ఆన్ చేసి ఉంచండి.

ఎండలో తీసేవాళ్లు లెన్సు ముందు పెట్టి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ మర్చిపోతారు. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 పెడితే ఎఫ్/22కి పోవాలి. ఎఫ్/2.8లో తీయాలంటే ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తగ్గించాలి, అంటే ఎన్‌డీ64. తిప్పితే మారే వేరియబుల్ ఎన్‌డీ ఒకటి కొనండి, మరీ చవకది వద్దు. గట్టిగా తిప్పినప్పుడు ఫ్రేము మీద నల్లటి ఎక్స్ గుర్తు పడుతుంది.

4. ట్రైపాడ్, కార్డులు, బ్యాటరీలు

కెమెరాను నున్నగా తిప్పనిచ్చే ఫ్లూయిడ్ హెడ్ ఉన్న వీడియో ట్రైపాడ్ కొనండి. ఫొటో ట్రైపాడ్‌తో పక్కకు తిప్పితే కుదుపు వస్తుంది.

కార్డు లెక్క తేలిక, ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు రాస్తుందన్నది. 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు 45 జీబీ, 128 జీబీ కార్డు రెండున్నర గంటలు దాటి వస్తుంది. రాత్రంతా నాటకం అయితే 50 ఎంబీపీఎస్‌కు తగ్గించుకోండి, గంటకు ఇరవై రెండున్నర జీబీ. కార్డు మీద వీ30 అని ఉండాలి, అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుందని. నకిలీ కార్డులు మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి. 128 అని రాసి ఉంటుంది, లోపల ఉన్నది 16 కావచ్చు. అది నిండాక రాసినదంతా గల్లంతే. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి పరీక్షించండి.

చిన్న కెమెరాల బ్యాటరీ వీడియోకు గంట దాటితే గొప్పే. మూడు ఉంచుకోండి, నాటకానికి పవర్ బ్యాంకు అదనం.

5. ఎక్కడ కొనాలి, ఎక్కడ అద్దెకు తేవాలి

వైర్లు, కన్వర్టర్లు, చిన్న రికార్డర్లు, బ్యాటరీల కోసం చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు మనకు ఇంటి పక్కలాంటివే. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. పెద్ద లెన్సులు, సినిమా కెమెరాలు అద్దెకు కావాలంటే చెన్నైలో సినిమావాళ్లు ఉండే వడపళని, సాలిగ్రామం వైపు అడగండి. డిపాజిట్ ఎంత, దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి, తిరిగి ఇవ్వడం ఒక రోజు ఆలస్యమైతే ఎంత అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

చెన్నై దాకా వెళ్లే ముందు మీ ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో అన్నలను కలవండి. వాళ్ల దగ్గర ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు, గింబల్ (కుదుపు లేకుండా కెమెరాను పట్టే పరికరం), లైట్లు అన్నీ ఉంటాయి. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలు లేక ఆ సామానంతా బీరువాలోనే ఉంటుంది. ఆ రోజుల్లో అద్దె గట్టిగా బేరమాడొచ్చు, వాళ్లే వచ్చి తీసిపెట్టినా తీసిపెడతారు. వైశాఖంలో పెళ్లిళ్ల మధ్య అడిగితే మీ ఫోన్ కూడా ఎత్తరు. భారతాలు, జాతరలు కూడా ఆ ఎండల్లోనే వస్తాయి కాబట్టి ముందుగానే మాట తీసుకోండి, కాస్త అడ్వాన్సు చేతిలో పెట్టండి.

సెకండ్ హ్యాండ్ కెమెరా చూసేటప్పుడు లెన్సులోకి ఫోను టార్చి వేసి, రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, చవకైనా వద్దు. మైకు సాకెట్‌లో పిన్ను పెట్టి అటూ ఇటూ కదిలిస్తూ వినండి, గరగర వస్తే సాకెట్ అరిగిపోయిందన్నమాట. లెన్సుకు మూత పెట్టి ఐఎస్ఓ పెంచి ఒక నిమిషం తీస్తే పాడైన పిక్సెళ్లు తెల్లచుక్కలుగా బయటపడతాయి. కొత్తదైతే బిల్లు మీద సీరియల్ నంబరు, భారతదేశంలో చెల్లే వారంటీ ఉండాలి. "బిల్లు లేకుండా తగ్గించి ఇస్తాం" అన్నచోట కొంటే రిపేరు వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు దాన్ని వారంటీలోకి తీసుకోరు.

డబ్బు ఎలా పంచాలో నన్నడిగితే, వంద రూపాయల్లో కెమెరాకూ లెన్సుకూ యాభై ఐదు దాటనివ్వను. ముప్పై శబ్దానికి. మిగిలిన పదిహేను ట్రైపాడ్, కార్డులు, బ్యాటరీలకు.

6. అసలు రోజుకు ముందు ఇంట్లో ఒక పూట

సామాను వచ్చాక నేరుగా షూటింగ్‌కు పోకండి. ఇంట్లో ఫ్యాను వేసి, నానమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి, పాత కబుర్లు అడుగుతూ గంటసేపు ఆపకుండా తీయండి. కెమెరా వేడెక్కిందా, బ్యాటరీ ఎన్ని నిమిషాలకు దిగింది, కార్డు ఎంత నిండింది రాసుకోండి. తర్వాత ఫ్యాను ఆపి ఐదు నిమిషాలు తీసి, రెండూ హెడ్‌ఫోన్‌లో విని పోల్చండి. కెమెరాలో ఆడియో లెవెల్ 'ఆటో'లో ఉంటే మాటల మధ్య నిశ్శబ్దంలో ఫ్యాను మోత పైకి లేస్తుంది. మాన్యువల్‌కు మార్చి మళ్లీ వినండి. వైర్‌లెస్ ఉంటే ఒకరికి తగిలించి వీధి చివరిదాకా నడిపించండి, వెనక్కి తిరిగి నడవమనండి, ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. చప్పట్టు కొట్టి కెమెరా ఫైలు, రికార్డర్ ఫైలు కంప్యూటర్‌లో ఒకసారి కలిపి చూడండి.

చివరిగా సంచీ సర్దండి. చార్జింగ్ ఎక్కిన బ్యాటరీలు ఎడమ జేబులో, అయిపోయినవి కుడి జేబులో. నిండిన కార్డును లేబుల్ వైపు బోర్లించి పెట్టండి, చీకట్లో కూడా ఏది కొత్తదో తెలుస్తుంది. షూటింగ్ అయిన రాత్రే రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ చేసి, రెండూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డును ఫార్మాట్ చేయండి.